వీల్‌చైర్ వాడే బిడ్డకు ఇల్లు అనుకూలంగా మార్చడం ఎలా: కొలతలు, పనుల వరుస, జరిగే పొరపాట్లు

ఇంట్లో మార్పులు చేయించేటప్పుడు చాలామంది కుర్చీని కొలుస్తారు, తలుపును కొలుస్తారు, పని మొదలుపెట్టేస్తారు. కుర్చీ వెనక నిలబడి తోసే మనిషికి, పక్కన వంగి బిడ్డను ఎత్తే మనిషికి కూడా చోటు కావాలన్న సంగతి టైల్స్ అతికించాక గుర్తొస్తుంది. బిడ్డ, కుర్చీ, సాయం చేసే మనిషి. ఈ మూడింటినీ కలిపి కొలిస్తేనే అది కొలత.

ఇందులో ఎక్కువ భాగం వీల్‌చైర్ వాడే పిల్లల గురించే. చూపు, వినికిడి, ప్రవర్తనకు సంబంధించిన ఇబ్బందులున్న పిల్లల కోసం చేయాల్సినవి చివర్లో క్లుప్తంగా ఉన్నాయి.

మేస్త్రీని పిలవకముందు

రెండు మూడు రోజులు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. బిడ్డ లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎక్కడెక్కడికి వెళ్తోంది, ఎన్నిసార్లు ఎత్తాల్సి వస్తోంది, కుర్చీ ఎక్కడ ఆగిపోతోంది, అన్నీ రాయండి. ఎత్తడాలు ఎక్కడ ఎక్కువ పడితే ముందు అక్కడి పని చేయించాలి. చాలా ఇళ్లలో అది బాత్రూమే అవుతుంది. బయటికి కనబడుతుందని ర్యాంపుతో మొదలుపెట్టి, బాత్రూమ్ దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోవడం మామూలుగా జరిగేదే.

తర్వాత కొలతలు. బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టే తీసుకోవాలి, ఖాళీ కుర్చీని కొలిస్తే లాభం లేదు.

కుర్చీ వెడల్పును సీటు దగ్గర కాదు, చేత్తో తిప్పే రింగుల బయటి అంచుల మధ్య కొలవండి. పొడవును బిడ్డ కాలివేళ్ల చివర నుంచి తోసే హ్యాండిల్ చివరిదాకా తీసుకోండి. ఫుట్‌రెస్ట్ కింద నేలకు ఎంత ఖాళీ ఉంది, సీటు ఎంత ఎత్తు, మోకాళ్ల పైభాగం ఎంత ఎత్తు, మోకాలి మడత నుంచి అరికాలిదాకా ఎంత, ఇవన్నీ రాసుకోండి. కూర్చునే చోటు నుంచి కదలకుండా చెయ్యి ఎంత పైకి, ఎంత కిందికి అందుతుందో గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి. చివరగా, తోసే మనిషి కుర్చీ వెనక నిలబడి ఉండగా మొత్తం పొడవు కొలవండి. ఇరుకు మలుపుల్లో పనికొచ్చే కొలత ఇదే.

బిడ్డ ఎదుగుతుంది, కుర్చీ మారుతుంది. రేపు బ్యాటరీ కుర్చీ రావచ్చు. బ్యాటరీ కుర్చీ, అందులోని బిడ్డ కలిస్తే 150 కిలోలు దాటిపోవచ్చు. కాబట్టి గోడలో, నేలలో, స్లాబులో కలిసిపోయే ప్రతిదీ పెద్దవాళ్ల కొలతకు కట్టించండి. స్క్రూతో బిగించేవన్నీ ఇవాళ్టి బిడ్డ కొలతకు పెట్టించండి. తలుపు వెడల్పు, ర్యాంపు వాలు, బాత్రూమ్ నేల మొదటి రకం. పట్టుకునే కడ్డీలు, అద్దం, బట్టల కొక్కేలు, అల్మారా అరలు రెండో రకం.

పగలగొట్టే ముందు నేల మీద గీసి చూడండి. 75 సెం.మీ. దారానికి సుద్దముక్క కట్టి గిర్రున తిప్పితే 150 సెం.మీ. వృత్తం వస్తుంది. పెద్ద కుర్చీ ఒకేసారి చుట్టూ తిరగడానికి కావాల్సిన చోటు అది. వాష్‌బేసిన్ రాబోయే చోట అట్టపెట్టె, కొత్త గోడ రాబోయే చోట నిలబెట్టిన అట్టముక్కలు పెట్టి, బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టి నిజంగా తోసి చూడండి. అట్ట తగిలి పడిపోతే రేపు అక్కడ గోడ తగులుతుంది. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు బిడ్డ వీలైనంత సొంతంగా చేసుకునేలా సాయపడే నిపుణులు) అందుబాటులో ఉంటే ఈ దశలోనే ఇంటికి పిలవండి, పని అయ్యాక పిలిస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.

తలుపులు, గడపలు

తలుపు పూర్తిగా తెరిచి, రెక్క ముఖం నుంచి ఎదుటి ద్వారబంధం దాకా కొలవండి. ఆ ఖాళీ కనీసం 80 సెం.మీ. ఉండాలి. నేరుగా వెళ్లేటప్పుడు ఇది సరిపోతుంది. ఇరుకు నడవాలోంచి పక్కకు తిరిగి లోపలికి వెళ్లాలంటే చాలదు. నడవా వెడల్పు 90 సెం.మీ. మాత్రమే ఉంటే ఆ తలుపు 90 అయినా ఉండాలి.

రెండు మూడు సెంటీమీటర్లే తక్కువైతే ద్వారబంధం పీకించొద్దు. ఆఫ్‌సెట్ బందులు దొరుకుతాయి. అవి రెక్కను పూర్తిగా దారికి అడ్డం లేకుండా పక్కకు జరుపుతాయి కాబట్టి తలుపు మందం మేర, అంటే దాదాపు 4 సెం.మీ. కలిసొస్తుంది. స్లైడింగ్ తలుపు పెట్టిస్తే పైనుంచి వేలాడే రకమే పెట్టించండి. నేల మీద పట్టా ఉంటే ముందు చక్రాలు అందులో ఇరుక్కుంటాయి. తెరిచినప్పుడు హ్యాండిల్ కోసం నాలుగైదు సెంటీమీటర్ల రెక్క బయటే ఉండిపోతుంది, దాన్ని ఖాళీలోంచి తీసేసి లెక్కపెట్టండి.

బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటే దాన్ని బయటికి తిప్పించాల్సిందే. బిడ్డ లోపల తలుపుకు అడ్డంగా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును బయటినుంచి తెరవలేరు. గడియ కూడా బయటినుంచి నాణెంతోనో స్క్రూడ్రైవర్‌తోనో తీయగలిగేదే పెట్టించండి. గుండ్రటి నాబ్‌లు తీసేసి, మోచేత్తో నొక్కినా తెరుచుకునే లివర్ హ్యాండిల్స్ వేయించండి. ఫుట్‌రెస్ట్ రోజూ తగిలే చోట, తలుపు కింది 30 సెం.మీ. మేర అల్యూమినియం రేకు బిగిస్తే తలుపు పాడవదు.

గడపల్ని తక్కువ అంచనా వేయొద్దు. ముందు చక్రాలు చిన్నవి. నిలువు అంచున్న ఒక సెంటీమీటరు గడపకు కూడా అవి టక్కున ఆగిపోతాయి, కుర్చీ ఆగినా బిడ్డ ముందుకు తూలుతుంది. 6 మి.మీ. దాకా ఫర్వాలేదు. 6 నుంచి 12 మి.మీ. దాకా అంచును ఏటవాలుగా చెక్కించాలి. అంతకు మించితే తీసేయాలి, లేదా రెండు పక్కలా చిన్న వాలు ముక్కలు పెట్టాలి. ఒక పక్కే పెడితే దిగేటప్పుడు అదే దెబ్బ రెండో పక్క తగులుతుంది.

ర్యాంపు

ముందు ఎత్తు తేల్చుకోండి. గుమ్మం కిందికి నేరుగా కొలిస్తే తప్పు. నేల వాలుగా ఉంటుంది కాబట్టి ర్యాంపు ఎక్కడ ముగుస్తుందో అక్కడి నేలకూ గుమ్మానికీ ఉన్న తేడా కావాలి. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం లెవెల్ దీనికి చాలు. పారదర్శకమైన సన్న గొట్టంలో బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను గుమ్మం దగ్గర, రెండో కొసను ర్యాంపు చివర పట్టుకోండి. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. గుమ్మం దగ్గర ఆ మట్టానికీ గడపకూ ఉన్న దూరం, చివర ఆ మట్టానికీ నేలకూ ఉన్న దూరం కొలిచి, రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే అసలు ఎత్తు తెలుస్తుంది. గొట్టంలో ఒక్క బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది.

వాలు 1:12 మించకూడదు. అంటే సెంటీమీటరు ఎత్తుకు 12 సెంటీమీటర్ల పొడవు. ఒక్కోటి 15 సెం.మీ. ఉన్న మూడు మెట్లంటే 45 సెం.మీ. ఎత్తు, 5.4 మీటర్ల ర్యాంపు. ఇది గరిష్ఠ వాలు, మంచి వాలు కాదు. తన చేతులతో తానే చక్రాలు తిప్పుకునే బిడ్డకు 1:16 లేదా 1:20 కావాలి. అదే 45 సెం.మీ. ఎత్తుకు 7.2 మీటర్లు లేదా 9 మీటర్లు అవుతుంది. అంత చోటు లేదని నిటారుగా కట్టించడం కంటే మరో దారి వెతకడం మేలు. ఎత్తు తక్కువున్న పక్క తలుపు వాడుకోవచ్చు, మధ్యలో మలుపు పెట్టి వెనక్కి తిప్పొచ్చు, లేదా నిలువుగా లేచే ప్లాట్‌ఫామ్ లిఫ్ట్ పెట్టించుకోవచ్చు.

పైనా కిందా 150 సెం.మీ. పొడవూ వెడల్పూ ఉన్న చదునైన చోటు ఉండాలి. మలుపు ఉంటే అక్కడా అంతే. ఎత్తు 75 సెం.మీ. దాటితే మధ్యలో ఆగే చోటు ఒకటి తప్పనిసరి. పైన తలుపు బయటికి తెరుచుకుంటే హ్యాండిల్ పక్కన ఇంకో 45 సెం.మీ. అదనంగా వదలండి. లేకపోతే తలుపు తెరవాలంటే కుర్చీ వెనక్కి, వాలు మీదికి జరగాలి. జరగకూడనిది అక్కడే జరుగుతుంది.

ర్యాంపు వెడల్పు రెయిలింగుల మధ్య కనీసం 90 సెం.మీ. రెండు పక్కలా 10 సెం.మీ. గట్టు కట్టించండి, చక్రం అంచు దాటిపోదు. రెయిలింగ్ పెద్దవాళ్లకు 86 నుంచి 96 సెం.మీ. ఎత్తులో, దాని కింద పిల్లల కోసం 70 సెం.మీ. లోపు ఇంకొకటి. రెండింటి చివర్లనూ కిందికో గోడలోకో వంచించాలి, బట్టలు పట్టుకోకుండా.

కాంక్రీటు ర్యాంపు ఎక్కువగా పాడయ్యేది ఇంటికి అతికే చోట. లోపల నింపిన మట్టిని సరిగా దిమ్మిస చేయకపోతే అది కుంగుతుంది, గుమ్మం దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల కొత్త మెట్టు పుడుతుంది. మట్టిని 15 సెం.మీ. పొరలుగా వేసి, తడిపి, ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టాకే తర్వాతిది వేయించండి. ర్యాంపును ఇంటి గోడకు నేరుగా అతికించి పోయనివ్వొద్దు. గోడలోకి చెమ్మ ఎక్కుతుంది. మధ్యలో సన్న కాలువ వదిలి పైన జాలీ వేయించండి. జాలీ రంధ్రాలు 12 మి.మీ. మించకూడదు, పొడుగు సందులుంటే కుర్చీ వెళ్లే దిశకు అడ్డంగా ఉండాలి.

పైన టైల్స్ వద్దు, నున్నటి సిమెంటు కూడా వద్దు. కాంక్రీటు ఆరకముందే వాలుకు అడ్డంగా చీపురుతో గీతలు లాగితే తడిలోనూ పట్టు ఉంటుంది. ర్యాంపు కింది చివర నేలలో సాఫీగా కలవాలి. వాలు ఒక్కసారిగా మారితే ఫుట్‌రెస్ట్ నేలకు గుచ్చుకుంటుంది, లేదా వెనక్కి పడకుండా ఉండే చిన్న చక్రాలు తగిలి పెద్ద చక్రాలు గాల్లోకి లేస్తాయి.

మడతపెట్టే రెడీమేడ్ ర్యాంపు కొంటే దాని మీద రాసి ఉన్న బరువు హద్దులో బిడ్డ, కుర్చీతో పాటు తోసే మనిషిని కూడా కలపండి.

బాత్రూమ్

డబ్బు పరిమితంగా ఉంటే ఎక్కువ వాటా ఇక్కడే పెట్టండి.

నేలను గట్టు లేకుండా, అంతా ఒకే వాలులో చేయించడం మంచిది. వాలు 1:50 చాలు. నీళ్లు త్వరగా పోవాలని ఇంకా పెంచితే చక్రాలున్న స్నానపు కుర్చీ దానంతటదే జారుతుంది, నడుము నిలవని బిడ్డ ఒక పక్కకు ఒరుగుతుంది. నీళ్లు పోయే జాలీని మధ్యలో కాకుండా దూరపు మూలలోనో గోడ వెంబడో పెట్టించండి. మధ్యలో ఉంటే నాలుగు వైపుల నుంచీ వాలు వచ్చి, కుర్చీ చక్రాల్లో ఒకటి ఎప్పుడూ తేలుతూ ఉంటుంది.

వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, జాలీ మూసి నేల నిండా నీళ్లు నిలిపి కనీసం 24 గంటలు ఉంచండి. కింద గానీ పక్క గోడలో గానీ తడి కనబడితే అప్పుడే సరిచేయించాలి. టైల్స్ మాట్‌వి, చిన్నవి తీసుకోండి. 5 నుంచి 10 సెం.మీ. టైల్ అయితే మధ్యలో సందులు ఎక్కువై అరికాలికి పట్టు దొరుకుతుంది. తడి కాళ్లతో నడిచే చోటుకు ఎ, బి, సి అని గ్రేడ్లున్నాయి. స్నానం చేసే చోట బి గానీ సి గానీ అడగండి.

కడ్డీల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అవి ఊడొస్తే బిడ్డ నేరుగా నేల మీదికే పడుతుంది. టవల్ కడ్డీలు, గోడకు అతుక్కునే సక్షన్ కప్ కడ్డీలు పట్టుకోవడానికి పనికిరావు. అసలైన కడ్డీ మందం 3.2 నుంచి 3.8 సెం.మీ. ఉంటుంది. చిన్న చేతికి 3.2 మేలు. గోడకూ కడ్డీకీ మధ్య 4 సెం.మీ. లోపే ఖాళీ ఉండాలి. ఎక్కువుంటే జారినప్పుడు ముంజేయి అందులో దూరి విరగొచ్చు.

కడ్డీ ఊడడానికి ఎక్కువగా కారణం స్క్రూ ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోవడం. ప్లాస్టరింగ్, టైల్ కలిసి రెండు మూడు సెంటీమీటర్లు మింగేస్తాయి. ఆ మందం దాటాక గట్టి ఇటుకలోకి ఇంకో 5 సెం.మీ. దిగాలి. అంటే 8 సెం.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూ కావాలి. కడ్డీతో పాటు వచ్చే స్క్రూలు అంత పొడవు ఉన్నాయో లేదో ముందే చూడండి. లోపల బోలుగా ఉండే ఇటుకైతే మామూలు ప్లగ్గు పట్టదు, కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో గట్టిపడి పట్టుకునే జిగురు రకం వాడాలి. జిప్సమ్ బోర్డు గోడైతే వెనక 18 మి.మీ. ప్లైవుడ్ పలక వేయించాకే బిగించాలి. ఆ పలకను నేల నుంచి భుజం ఎత్తుదాకా వేయిస్తే తర్వాత కడ్డీని ఎంత పైకి జరిపినా పట్టు ఉంటుంది.

టైల్‌ను దాటేదాకా డ్రిల్లు హ్యామర్ మోడ్ ఆపేసి, టైల్ బిట్‌తోనే తోలాలి. రంధ్రంలో, అంచు కింద సిలికాన్ పూయాలి. బిగించాక ఒక పెద్దమనిషి తన పూర్తి బరువు వేసి వేలాడి, రెండు మూడు సార్లు గట్టిగా లాగాలి. కాస్త కదిలినా తీసి మళ్లీ వేయాలి.

ఎత్తు ఎంత పెట్టాలన్నదానికి పిల్లల విషయంలో ఒకే జవాబు లేదు. కమోడ్ పక్కన అడ్డంగా వేసే కడ్డీ నేల నుంచి సుమారుగా 3-4 ఏళ్లకు 46-51 సెం.మీ., 5-8 ఏళ్లకు 51-64, 9-12 ఏళ్లకు 64-69. ఇవి మొదలుపెట్టడానికే, ఖాయం చేసేది బిడ్డ చెయ్యి. ఒక నిలువు కడ్డీ కూడా వేయిస్తే బిడ్డ ఎదిగినా పట్టుకునే చోటు పైకి జరుగుతుందే తప్ప కడ్డీ మార్చనక్కర్లేదు.

కమోడ్ మీద బిడ్డ కాళ్లు వేలాడకూడదు. పాదాలకు ఆసరా లేకపోతే నడుము నిలవదు, భయంతో బిగుసుకుపోతుంది. మోకాలి మడత నుంచి అరికాలిదాకా ఇందాక కొలిచారు కదా, సీటు ఎత్తులోంచి అది తీసేస్తే వచ్చేదే కింద పెట్టాల్సిన పీట ఎత్తు. పీట జారకుండా అడుగున రబ్బరు ఉండాలి. చక్రాల కమోడ్ కుర్చీని కమోడ్ మీదికి తోసేలా వాడాలనుకుంటే, కొనేముందు కుర్చీ సీటు అడుగు ఎత్తును, మూత తీసేసిన కమోడ్ ఎత్తును పోల్చండి. రెండు సెంటీమీటర్లయినా ఖాళీ లేకపోతే తగులుతుంది.

ఇక వేడినీళ్లు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చేస్తాయి. వెన్నుపాము సమస్య ఉన్న పిల్లల్లో చాలామందికి కాళ్లలో స్పర్శ ఉండదు, కాలుతున్నా ఏడవరు. గీజర్‌లో నీళ్లను 60 దగ్గర ఉంచడానికి కారణం ఉంది, అంతకంటే గోరువెచ్చటి నిల్వ నీటిలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. అందుకని గీజర్ తగ్గించడం కాదు, షవర్‌కు ముందు థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ (వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి ఒకే వేడి దగ్గర ఉంచేది) వేయించి 41 డిగ్రీల దగ్గర ఆపండి. వాష్‌బేసిన్ కింద కుర్చీ దూరే ఖాళీ వదిలితే, అక్కడి వేడినీళ్ల పైపుకు తొడుగు వేయాలి, మోకాళ్లు ఆనేది దానికే.

మంచం, ఎత్తడం

బిడ్డ బరువు దాదాపు 16 కిలోలు దాటాక చేతులతో ఎత్తడం నడుముకు ప్రమాదమే. ఆసుపత్రి సిబ్బందికి చెప్పే హద్దు కూడా అదే. ఈలోగానే మంచం ఎత్తును కుర్చీ సీటు ఎత్తుకు సమానం చేసుకోండి. అప్పుడు ఎత్తకుండా, జారే పలక మీదుగా జరపొచ్చు. మంచానికి కనీసం ఒక పక్క 90 సెం.మీ. ఖాళీ ఉంచండి. నేల మీద నడిచే హాయిస్ట్ (బిడ్డను పట్టీలో ఉంచి పైకి లేపే పరికరం) వాడేట్టయితే దాని కాళ్లు మంచం కింద దూరాలి. 15 సెం.మీ. ఖాళీ ఉంటే ఇబ్బంది ఉండదు, బాక్స్ మంచాలకు అది కుదరదు. సీలింగ్‌కు పట్టా వేసే హాయిస్ట్‌కు స్లాబు తట్టుకుంటుందని ఇంజనీరు రాసిచ్చాకే రంధ్రాలు వేయించండి.

స్విచ్‌లు, మిగతావి

కుర్చీలోంచి చెయ్యి అందే పరిధి 3-4 ఏళ్ల బిడ్డకు నేల నుంచి 50-90 సెం.మీ., 5-8 ఏళ్లకు 45-100, 9-12 ఏళ్లకు 40-110. స్విచ్ బోర్డు మార్పించేటప్పుడు 90 దగ్గర పెట్టిస్తే పెద్దయ్యాకా పనికొస్తుంది. నేల మీది చిన్న చాపలు, వైర్లు తీసేయండి. బ్యాటరీ కుర్చీని బయటికి వెళ్లే దారిలో ఛార్జింగ్ పెట్టొద్దు, మంట లేస్తే దారే మూసుకుపోతుంది. కరెంటుతో నడిచే వైద్య పరికరం ఉంటే దానికి విడి ప్లగ్గు, బ్యాకప్ ముందే ఏర్పాటు చేయించండి.

చూపు తక్కువున్న బిడ్డకు మెట్ల అంచుల మీద రంగు తేడా కనిపించే పట్టీలు వేయండి. తళతళలాడే నేల కన్నా మాట్ నేల మేలు, వస్తువుల చోటు మార్చకండి. వినికిడి లేని బిడ్డకు కాలింగ్ బెల్‌కు, పొగ అలారానికి వెలిగే దీపం జోడించాలి, పడుకునే చోట దిండు కింద కంపించే పరికరం కూడా ఉండాలి. ఎక్కే, పరిగెత్తే అలవాటున్న బిడ్డ ఉంటే బీరువాలను, టీవీని గోడకు బిగించండి. కిటికీలు 10 సెం.మీ. మించి తెరుచుకోకుండా ఆపు పెట్టండి. తలుపుకు పైన గడియ పెడితే, చీకట్లో కూడా ఇంట్లో పెద్దవాళ్లందరూ దాన్ని తీయగలరో లేదో పరీక్షించి చూడండి.

పని ముగించేటప్పుడు

మేస్త్రీకి, ప్లంబర్‌కు చివరి డబ్బులు ఇచ్చేముందు బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టి బయటినుంచి మంచందాకా, మంచం నుంచి బాత్రూమ్‌దాకా తీసుకెళ్లండి. నేల తడిపి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. కడ్డీలను, ర్యాంపు రెయిలింగ్ బోల్టులను ఆరు నెలలకోసారి లాగి చూడండి. కొత్త కుర్చీకి ఆర్డర్ ఇవ్వకముందు అదే మోడల్‌ను అడిగి ఒక పూట ఇంటికి తెప్పించుకోండి. రెండు సెంటీమీటర్లు వెడల్పు ఎక్కువైనా బాత్రూమ్ తలుపు దగ్గరే తేలిపోతుంది. అప్పుడు కుర్చీ మోడల్ మార్చుకోవచ్చు, తలుపు పగలగొట్టనక్కర్లేదు.